తెలిసినవాళ్లు ఏం చేశారు?

కాలిఫోర్నియాలో ఒక టీచరుకు తన క్లాసు పిల్లాడి చేతి మీద వాత కనిపించిందనుకోండి. అది ఎలా పడిందో ఆమెకు తెలియదు. పిల్లాడు చెప్పడు. తల్లిదండ్రులేమో ప్రతి మీటింగుకీ వచ్చే మర్యాదస్తులు. అయినా సరే, ఆమె అప్పటికప్పుడు ఫోన్ తీసి కౌంటీ శిశు సంక్షేమ శాఖకో పోలీసులకో చెప్పాలి. 36 గంటల్లోగా ఫారం నింపి పంపాలి. రుజువు అక్కర్లేదు, కారణమున్న అనుమానం చాలు. ప్రిన్సిపాల్‌కి చెప్పాను, ఆయన చూసుకుంటారంటే చెల్లదు. చూసినవాళ్లే చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా జరిమానా. ఆమె అనుమానం చివరికి తప్పని తేలినా ఆమె మీద దావా నిలవదు.

ఇక్కడ ఒక స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఈ పని చూసే బృందాన్ని నడిపిస్తున్నాను. డిస్ట్రిక్ట్ అంటే మన కలెక్టరు ఉండే జిల్లా కాదు. కొన్ని బడులను కలిపి నడిపే స్థానిక సంస్థ. జనం ఓట్లేసి ఎన్నుకున్న బోర్డు, ఆ బోర్డు నియమించిన సూపరింటెండెంటు, సొంత బడ్జెట్టు ఉంటాయి. దేశం మొత్తం మీద ఇలాంటివి 13 వేలకు పైనే. మా డిస్ట్రిక్ట్‌లో ఏ పిల్ల మీద ఏ రకమైన దౌర్జన్యం జరిగిందని ఫిర్యాదు వచ్చినా ఆ కాగితం మా బల్ల మీదికి రావాలి. ఇంట్లో కొట్టారన్నా, టీచరు తప్పుగా ప్రవర్తించాడన్నా, తోటి విద్యార్థే వేధించాడన్నా సరే.

మా అమ్మ తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది. నా ఉద్యోగం సంగతి వచ్చినప్పుడల్లా ఆమెకు ఒకటే సందేహం. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు కదే. ఎవరింటి గుట్టు వాళ్లది. టీచరు పాఠం చెప్పుకోక ఆ గుట్టు పోలీసులకు చెప్పడమేంటి?" అంటుంది. అది తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు. అమెరికా కూడా చాలాకాలం అలాగే అనుకుంది. అనుకోవడం మానేయడానికి వందేళ్ల పైన పట్టింది. ఆ వందేళ్లలో ప్రతి మలుపులోనూ నాకు కనిపించేది ఒకే ప్రశ్న. ఎవరికి తెలుసు? తెలిసి ఏం చేశారు?

ఆ కథ న్యూయార్క్‌లో హెల్స్ కిచెన్ అనే పేదల పేటతో మొదలవుతుంది. 1873 చివర్లో ఎటా వీలర్ అనే మెథడిస్టు మిషన్ కార్యకర్త ఆ పేటలో రోగుల ఇళ్లకు వెళ్లి వస్తుండేది. ఒక అద్దె ఇంట్లో మేరీ ఎలెన్ అనే చిన్నపిల్లను పెంపుడు తల్లి నిత్యం కొరడాతో బాదుతోందని ఇరుగుపొరుగు ఆమెకు చెప్పారు. వాళ్లందరికీ అది ముందునుంచీ తెలుసు. గోడల్లోంచి ఏడుపు వినపడేది. వీలర్ పోలీసుల దగ్గరికి వెళితే రుజువు తెమ్మన్నారు. ధర్మసంస్థల దగ్గరికి వెళితే చట్టప్రకారం పిల్లను మా చేతికి అప్పగిస్తే తప్పకుండా చూసుకుంటామన్నారు. ఆఖరికి ఆమె హెన్రీ బెర్గ్ దగ్గరికి వెళ్లింది. ఆయన 1866లో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించిన మనిషి. బండి గుర్రాలను కొట్టేవాళ్లను కోర్టుకీడ్చిన పేరు ఆయనది. బెర్గ్ తన లాయరు ఎల్బ్రిడ్జ్ గెరీ చేత కోర్టులో దరఖాస్తు వేయించాడు. 1874 ఏప్రిల్లో ఆ పిల్లను గుర్రబ్బండి దుప్పట్లో చుట్టి న్యాయస్థానంలోకి తెచ్చారు. ముఖం మీద కత్తెర గాటు ఉంది. పెంపుడు తల్లికి ఏడాది జైలు పడింది. ఆ ఏడాది చివర్లోనే గెరీ, బెర్గ్ కలిసి న్యూయార్క్‌లో బాలల హింస నివారణ సంఘాన్ని పెట్టారు. ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది.

మేరీ ఎలెన్‌ను వీలర్ కుటుంబమే పెంచింది. ఆమె 92 ఏళ్లు బతికింది, 1956లో పోయింది. ఆమె కూతుళ్లు బడి టీచర్లయ్యారు.

ఈ ఉదంతాన్ని అమెరికాలో ఒక తప్పుడు హంగుతో చెబుతుంటారు. అప్పట్లో జంతువులకు చట్టం ఉంది గానీ పిల్లలకు లేదని, అందుకే ఆ పిల్లను జంతువు కింద లెక్కగట్టి కాపాడారని. అది నిజం కాదు. మనిషిని కొట్టడం నేరమన్న చట్టం అప్పుడూ ఉంది, పెంపుడు తల్లికి శిక్ష పడింది ఆ చట్టం కిందే. లేనిదల్లా ఆ ఏడుపు విని కదలడం ఫలానా వాళ్ల బాధ్యత అన్న ఏర్పాటు. పోలీసులది కాదు, ధర్మసంస్థలది కాదు, పొరుగింటివాళ్లది కాదు. మా అమ్మ సందేహానికి నేను చెప్పగలిగిన మొదటి జవాబు ఇదే. ఇంటి గుట్టు బయటపెట్టడం కాదు ఇక్కడ సమస్య, ఆ గుట్టు ఊరందరికీ తెలుసు.

బడి ఈ కథలోకి తర్వాత వచ్చింది. పిల్లల్ని తప్పనిసరిగా బడికి పంపాలన్న చట్టం 1852లో మసాచుసెట్స్‌తో మొదలై 1918లో మిసిసిపీతో అన్ని రాష్ట్రాలకూ వ్యాపించింది. దాంతో ప్రతి పిల్లనూ ఇంటివాళ్లు కాని ఒక పెద్దమనిషి వారానికి ఐదు రోజులు కళ్లారా చూడడం మొదలైంది. అంతకుముందు ఏ తరం పిల్లలకూ ఈ వసతి లేదు. అయితే ఆ పెద్దమనిషి చేతిలోనూ బెత్తం ఉంది. న్యూజెర్సీ 1867లోనే బడిలో కొట్టడాన్ని నిషేధించింది. కాలిఫోర్నియా 1986 దాకా ఆగింది. మయామీలోని ఒక జూనియర్ హైస్కూల్లో చెక్కబద్దతో చావుదెబ్బలు తిన్న ఇద్దరు పిల్లల కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. క్రూరమైన శిక్షల నుంచి రాజ్యాంగం ఇచ్చే రక్షణ ఖైదీలకే గానీ బడిపిల్లలకు వర్తించదని 1977లో ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలిచి తీర్పు చెప్పారు. పదిహేనుకు పైగా రాష్ట్రాల్లో ప్రభుత్వ బడిలో కొట్టడం ఈ రోజుకీ చట్టసమ్మతమే. అమెరికాలో పిల్లల మీద చెయ్యి చేసుకుంటే ఊరుకోరు అని మనవాళ్లు చెప్పుకునే మాట ఈ దేశమంతటికీ వర్తించదు.

అంతకంటే భారమైనది మూలవాసీ పిల్లల కథ. 1879లో పెన్సిల్వేనియాలోని కార్లైల్‌లో తెరిచిన బడి లాంటివి, ప్రభుత్వమే పిల్లలను తల్లిదండ్రుల దగ్గరి నుంచి తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి చదివించిన బోర్డింగు బడులు వందల్లో ఉండేవి. దేశ చరిత్రలో తొలి మూలవాసీ కేబినెట్ మంత్రి డెబ్ హాలండ్ ఆధ్వర్యంలో అంతర్గత వ్యవహారాల శాఖ 2024లో తుది నివేదిక ఇచ్చింది. 417 బడులు, కనీసం 973 మంది పిల్లల మరణాలు లెక్కకు వచ్చాయి. ఆ ఏడాది అక్టోబరు 25న అధ్యక్షుడు బైడెన్ అరిజోనాలో క్షమాపణ చెప్పారు. "పిల్లల మంచి కోసమే" అన్న మాట ఈ దేశంలో ఎన్ని ఇళ్లను కూల్చిందో తెలియకుండా నా ఉద్యోగం చేయకూడదని నా నమ్మకం. కొత్తగా మా బృందంలో చేరినవాళ్లతో ముందుగా ఆ నివేదికే చదివిస్తాను.

చట్టం మళ్లీ కదలడానికి ఎక్స్‌రేలు కావలసి వచ్చాయి. తలలో రక్తం గడ్డకట్టిన పసిపిల్లల్లో కాళ్లూ చేతుల ఎముకలు కూడా విరిగి ఉంటున్నాయని 1946లోనే జాన్ కాఫీ అనే వైద్యుడు రాశాడు. కారణం ఏమిటో మాత్రం ఎవరూ గట్టిగా అనలేదు. 1962లో డెన్వర్ పిల్లల డాక్టరు హెన్రీ కెంప్, ఆయన సహచరులు 71 ఆసుపత్రుల నుంచి ఒక్క ఏడాదిలో వచ్చిన 302 కేసులను చూసి, ఇవి పిల్లలను పెద్దలు కొట్టిన దెబ్బలని అమెరికా వైద్య సంఘం పత్రికలో రాశారు. ఆ పిల్లల్లో 33 మంది చనిపోయారు. 85 మందికి మెదడు శాశ్వతంగా దెబ్బతింది. కెంప్ నాజీ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు కుటుంబపు బిడ్డ. ఆయన వ్యాసం వచ్చిన ఐదేళ్లలో, 1967 నాటికి, అన్ని రాష్ట్రాలూ డాక్టర్లు తప్పనిసరిగా ఫిర్యాదు చేయాలన్న చట్టాలు తెచ్చాయి. 1974లో సెనేటర్ వాల్టర్ మాండేల్ పట్టుబట్టి తెచ్చిన కేంద్ర చట్టంతో వాటికి నిధులూ రూపమూ వచ్చాయి. డాక్టర్ల తర్వాత నర్సులు, టీచర్లు, కౌన్సెలర్లు చేరారు. ఇక్కడ మాలాంటివాళ్లను మాండేటెడ్ రిపోర్టర్లు అంటారు. కాలిఫోర్నియా జాబితాలో బస్సు డ్రైవర్లు, కోచ్‌లు, ఆఖరికి ఫొటోలు కడిగే దుకాణాల పనివాళ్లు కూడా ఉన్నారు. ఈ ఆఖరివాళ్ల సంగతి మళ్లీ వస్తుంది.

ఇదంతా ఇంట్లో జరిగే హింస గురించి. మరి బడిలోనే, బడి మనిషే చేస్తే?

జార్జియాలోని గ్విన్నెట్ కౌంటీ మన తెలుగువాళ్లకు బాగా పరిచయం. అట్లాంటా దగ్గర మనవాళ్లు మంచి బడుల కోసం ఇళ్లు కొనుక్కునే సువానీ ఆ కౌంటీలోదే. అక్కడి ఒక హైస్కూల్లో 1980ల్లో ఒక టీచరు తనను వేధించి బలాత్కరించాడని ఒక విద్యార్థిని కేసు వేసింది. బడి పెద్దలకు తెలిసినా ఏమీ చేయలేదని, పైగా కేసు పెట్టొద్దని నచ్చజెప్పారని ఆమె ఆరోపణ. ఆమె ఆధారం చేసుకున్నది 1972 నాటి టైటిల్ నైన్. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో ఆడా మగా వివక్ష ఉండకూడదన్న చట్టం అది. దాని వెనుక ఉన్నవాళ్లలో ఒకరు హవాయికి చెందిన పాట్సీ మింక్, కాంగ్రెసుకు ఎన్నికైన తొలి ఆసియా సంతతి మహిళ. దరఖాస్తు చేసిన వైద్య కళాశాలలన్నీ తిరస్కరిస్తే లా చదువుకున్న మనిషి. 1992లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, విద్యార్థిని మీద టీచరు లైంగిక వేధింపు ఈ చట్టం కిందికి వస్తుందని, బడి నష్టపరిహారం చెల్లించాల్సి రావచ్చని తేల్చింది.

ఆరేళ్లకు అదే కోర్టు షరతు బిగించింది. టెక్సస్‌లో లాగో విస్టా అనే చిన్న డిస్ట్రిక్ట్‌లో ఇలాంటి కేసే వచ్చింది. అడ్డుకునే అధికారం ఉన్న అధికారికి నిజంగా తెలిసి ఉండాలి, తెలిసీ పట్టించుకోనట్టు తేలాలి, అప్పుడే డిస్ట్రిక్ట్‌ది బాధ్యత అని 1998లో ఐదుగురు న్యాయమూర్తులు అన్నారు. నలుగురు కాదన్నారు. ఈ తీర్పు చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. దాని పర్యవసానం ఏమిటంటే, తెలియకుండా ఉండడమే డిస్ట్రిక్ట్‌కు లాభం. ఫిర్యాదు పైకి రాకపోతే పరిహారం లేదు. వంట చేసే ఆమెకు, బస్సు డ్రైవరుకు, పక్క క్లాసు టీచరుకు తెలిసినా సరే. బడుల విషయంలో ఈ లొసుగును 2020లో విద్యాశాఖ నిబంధనలు చాలావరకు పూడ్చాయి. ఇప్పుడు పన్నెండో తరగతి లోపు బడిలో ఏ ఉద్యోగికి తెలిసినా డిస్ట్రిక్ట్‌కు తెలిసినట్టే, వెంటనే స్పందించి తీరాలి. 2024లో వచ్చిన కొత్త నిబంధనలను 2025 జనవరిలో ఒక ఫెడరల్ జడ్జి కొట్టేయడంతో మళ్లీ 2020 నాటివే అమల్లోకి వచ్చాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా మా ఫారాలు మారుతుంటాయి. ఈ ఒక్క నియమం మాత్రం మారకూడదని కోరుకుంటాను.

కాలిఫోర్నియాలో మా పని రూపుదిద్దుకున్నది కోర్టుల కంటే ఎక్కువగా లాస్ ఏంజెలెస్‌లోని మిరమోంటే ఎలిమెంటరీ స్కూల్ వల్ల. దాదాపు పిల్లలందరూ లాటినో వలస కూలీల బిడ్డలు. అక్కడ మూడు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పిన ఒక టీచరు క్లాసు గదిలోనే పిల్లల కళ్లకు గంతలు, నోళ్లకు టేపు వేసి ఫొటోలు తీశాడు. ఆ ఫిల్ములు కడగడానికిచ్చిన దుకాణంలో పనిచేసే మనిషి వాటిని చూసి, చట్టం చెప్పినట్టు ఫిర్యాదు చేశాడు. మాండేటెడ్ రిపోర్టర్ల జాబితాలో ఫొటో దుకాణాలవాళ్లు ఉన్నారన్నది ఇందుకే చెప్పాను. అంతకుముందు అదే టీచరు మీద ఫిర్యాదులు వచ్చాయి. 1994లో పోలీసులు విచారించి, సాక్ష్యం చాలదని వదిలేశారు. 2012 జనవరిలో అతన్ని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది 25 ఏళ్ల శిక్ష పడింది. అరెస్టుకు ముందు అతన్ని ఉద్యోగం నుంచి వదిలించుకోవడానికి డిస్ట్రిక్ట్ 40 వేల డాలర్లు చెల్లించింది కూడా. కుటుంబాలకు ఇచ్చిన పరిహారం మొత్తం దాదాపు 17 కోట్ల డాలర్లు. ఏళ్ల తరబడి దాచిన ఫిర్యాదు నకళ్లను డిస్ట్రిక్ట్ 2008లో నాశనం చేసిందని తర్వాత బయటపడింది.

బడిలో ఇన్ని కళ్లుండగా పిల్లల పక్షాన కదిలింది ఒక దుకాణం ఉద్యోగి. మిరమోంటే తర్వాత ఇక్కడి చట్టసభ బడి సిబ్బంది అందరికీ ఏటా, బడి తెరిచిన ఆరు వారాల్లో, ఫిర్యాదు శిక్షణ తప్పనిసరి చేసింది. లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని పెట్టుకుంది. 2018లో షికాగోలో ట్రిబ్యూన్ పత్రిక మరో లోపాన్ని బయటపెట్టింది. అంతకుముందు పదేళ్లలో అక్కడి ప్రభుత్వ బడుల్లో పిల్లల మీద లైంగిక దాడులకు సంబంధించి పోలీసులు 500కు పైగా కేసులు దర్యాప్తు చేశారు. ఆ ఫిర్యాదులను డిస్ట్రిక్ట్ తరఫున విచారించినవాళ్లు ఎవరయ్యా అంటే, రేపు కుటుంబం దావా వేస్తే డిస్ట్రిక్ట్‌ను కాపాడవలసిన లాయర్లే. ఆ వెంటనే షికాగో విడిగా విద్యార్థి రక్షణ కార్యాలయాన్ని తెరిచింది. మా బృందం లీగల్ విభాగం కింద ఉండకూడదని నేను ఉద్యోగంలో చేరేటప్పుడే అడిగాను. ఒప్పుకున్నారు.

ఇక మా పని ఎలా ఉంటుందో కాస్త దగ్గర నుంచి చూపిస్తాను. పిల్లలను గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

మూడో తరగతి పాప చొక్కా చెయ్యి పైకి జరిగితే టీచరుకు నల్లగా కమిలిన గుర్తు కనిపిస్తుంది. టీచరు అడగదగినవి చాలా కొద్ది. ఏమైంది? ఎవరు? ఎక్కడ? ఎప్పుడు? అంతే. "మీ నాన్న కొట్టాడా?" అని అడగకూడదు. దీని వెనుక కూడా ఒక చరిత్ర ఉంది. లాస్ ఏంజెలెస్ శివారు మన్‌హటన్ బీచ్‌లో మెక్‌మార్టిన్ అనే శిశుపాఠశాల మీద 1983లో మొదలైన కేసులో, విచారించినవాళ్లు వందలాది చిన్నపిల్లలను ఇలా జవాబు ముందే పెట్టి ప్రశ్నలు అడిగారు. ఏడేళ్లు నడిచి, కోటిన్నర డాలర్లు ఖర్చయి, 1990లో ఒక్క శిక్ష కూడా పడకుండా ముగిసింది. ఆ కేసులో నిర్దోషులు నలిగిపోయారు. తర్వాత నిజం చెప్పిన పిల్లలు కూడా చాలాకాలం అనుమానానికి గురయ్యారు. అందుకని మేం లోతుగా ప్రశ్నించం. అది శిక్షణ ఉన్నవాళ్లు, పిల్లల కోసం ప్రత్యేకంగా పెట్టిన కేంద్రాల్లో, వీలైతే ఒక్కసారే చేసే పని. 1985లో అలబామాలోని హంట్స్‌విల్‌లో బడ్ క్రామర్ అనే ప్రాసిక్యూటర్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. పోలీసులు, డాక్టరు, సంక్షేమ శాఖ ఒకే చోటికి పిల్ల దగ్గరికి వస్తారు. పిల్లను నాలుగు చోట్లకు తిప్పరు.

టీచరు ఫోన్ చేశాక ఫారం నింపుతుంది. పిల్ల అన్న మాటను పిల్ల అన్నట్టే, కొటేషన్లలో రాయాలి. పెద్దల భాషలోకి మార్చకూడదు. ఫోన్ ఎత్తింది ఎవరు, ఏ టైముకు, అన్నీ రాయాలి. చెప్పింది ఎవరన్నది కుటుంబానికి తెలియనివ్వరు.

కౌంటీ అధికారి బడికి వచ్చి పిల్లతో మాట్లాడాలంటే కాలిఫోర్నియా చట్టం ఆ పిల్లకు ఒక హక్కు ఇస్తుంది. ఒంటరిగా మాట్లాడవచ్చు, లేదా బడిలో తనకు నచ్చిన ఏ పెద్దనైనా పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. టీచరే కానక్కర్లేదు, ఆయా అయినా సరే. నేను చూసిన ఒక పాప క్యాంటీన్లో వడ్డించే ఆమెను కోరుకుంది. ఆమె తలకు వలటోపీతోనే పరుగున వచ్చి, తడి చేతులు ఏప్రనుకు తుడుచుకుంటూ, పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఆమె ఒక్క మాట మాట్లాడకూడదు, తల ఊపకూడదు, తర్వాత కూడా ఆ సంగతి పిల్లతో ఎత్తకూడదు. ముప్పావు గంట అలాగే కూర్చుంది. చట్టాలు రాసేవాళ్లకు పిల్లల మనసు తెలియదని అంటుంటారు గానీ, ఈ ఒక్క సెక్షన్ రాసిన చేతికి నేను దండం పెడతాను.

బడి ఉద్యోగి మీద ఫిర్యాదయితే తీరు వేరు. పోలీసులకు చెబుతాం, ఆ రోజే ఆ మనిషిని పిల్లల దగ్గరి నుంచి తప్పిస్తాం. జీతం ఆగదు, నేరం తేలలేదు కాబట్టి ఆగకూడదు కూడా. కానీ ఆరోపణ ఉండగా ఉద్యోగం వదిలి వెళితే 30 రోజుల్లోగా రాష్ట్ర టీచర్ల లైసెన్సు కమిషన్‌కు తెలపాలి. ఒకప్పుడు గుట్టుగా రాజీనామా తీసుకుని, మంచి కాండక్టు సర్టిఫికెట్టిచ్చి పక్క డిస్ట్రిక్ట్‌కు సాగనంపేవారు. పిల్లలపై లైంగిక దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని తెలిసిన మనిషికి ఇంకో బడిలో ఉద్యోగం దొరకడానికి సాయం చేయకూడదని 2015లో కేంద్ర విద్యా చట్టమే అడ్డుకట్ట వేసింది. ఆ సాగనంపడాన్నే మన దగ్గర ట్రాన్స్‌ఫర్ అంటాం. తప్పు చేసినవాడిని పక్క మండలానికి మార్చి, అక్కడి పిల్లలకు అప్పగించడం.

మన తెలుగు తల్లిదండ్రులు నన్ను గుడిలోనో బతుకమ్మ ఆటల దగ్గరో పట్టుకుని అడిగేది మాత్రం ఒకటే. "చెయ్యెత్తితే పిల్లల్ని తీసుకుపోతారటగా?" అలా తీసుకుపోరు. కాలిఫోర్నియా చట్టంలో, గాయం కాకుండా పిర్రల మీద చేత్తో వేసిన ఒక దెబ్బ దానంతట అదే నేరం కాదు. బెల్టు, కర్ర, వాత, గుర్తులు మిగిల్చే తొడపాశం వేరు సంగతి. దేశవ్యాప్తంగా 2022లో సుమారు 43 లక్షల ఫిర్యాదులు వెళ్లాయి. దౌర్జన్యం లేదా నిర్లక్ష్యం జరిగిందని తేలిన పిల్లలు సుమారు 5 లక్షల 59 వేలు. తల్లిదండ్రుల నుంచి వేరుచేసింది అందులోనూ కొద్దిమందినే. కొట్టడం మన సంస్కృతి అని నా దగ్గర వాదించినవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. గోడకుర్చీ వేయించుకుని, బెత్తం దెబ్బలు తిని పెరిగిన మనలో ఏ ఒక్కరం ఆ దెబ్బలను సంస్కృతి అని ప్రేమగా తలుచుకోం.

అయినా ఈ వ్యవస్థ అందరి మీదా ఒకేలా వాలదు. అమెరికాలో 18 ఏళ్లు నిండేలోగా 37 శాతం పిల్లల ఇళ్లకు సంక్షేమ శాఖ విచారణ వెళుతుందని 2017లో ఒక అధ్యయనం అంచనా వేసింది. నల్లజాతి పిల్లల్లో అది 53 శాతం. సగానికి పైన. వాళ్లు పిల్లల్ని ఎక్కువగా కొడతారని కాదు. పేదరికాన్ని నిర్లక్ష్యం అని రాసే అలవాటు, ఒక చర్మరంగు చూడగానే అనుమానం కలిగే అలవాటు. పిల్ల వారమంతా ఒకే స్వెటరుతో వచ్చిందని, మధ్యాహ్నం తిండి డబ్బా ఖాళీగా ఉందని మాకు ఫారాలు వచ్చేవి. 2023 నుంచి కాలిఫోర్నియా చట్టం స్పష్టంగా చెబుతోంది, తల్లిదండ్రుల దగ్గర డబ్బు లేకపోవడం నిర్లక్ష్యం కాదని. శిక్షణలో నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. స్వెటరు లేకపోతే స్వెటరు ఇవ్వండి. ఆకలైతే అన్నం పెట్టండి. ఫోన్ హింస కోసం. తెలిసి ఊరుకోవడం తప్పని నేర్పిన చరిత్రే, తెలియకుండా తెలిసినట్టు వెళ్లి ఇళ్లలో చొరబడడమూ తప్పని కార్లైల్ బడి రూపంలో నేర్పింది. రెంటినీ ఒకే చేత్తో పట్టుకుని నడవడం కష్టంగానే ఉంటుంది, కానీ ఒకటి వదిలేసి ఇంకొకటి పట్టుకునే వీలు లేదు.

ఈమధ్య నల్గొండ జిల్లాలో టీచరుగా ఉన్న మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. ఏడో తరగతి పిల్ల ఏదో చెప్పబోయి ఆగిపోయిందట. "అక్కడంటే నీకు చట్టం ఉంది, ఇక్కడ మాకేముంది చెల్లీ?" అంది. ఉందక్కా అన్నాను. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సో చట్టం, 19వ సెక్షన్. లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయమున్నా పోలీసులకు చెప్పడం ప్రతి ఒక్కరి విధి, టీచర్లకే కాదు. ఆ విషయంలో అది మా చట్టం కంటే విశాలమైనది. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. సంస్థకు పెద్దగా ఉండి కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద సివిల్ కేసూ క్రిమినల్ కేసూ ఉండదు.

లేనిదల్లా ఆమె ఫోన్ చేస్తే ఎత్తి, ఇదిగో తర్వాత ఇలా చేయండి అని చెప్పే నాలాంటి మనిషి మండలంలో ఒకరు. ఆ రాత్రి నేనే ఆ మనిషినయ్యాను. పిల్లను పదే పదే అడగొద్దన్నాను. అన్న మాట అన్నట్టే, తేదీ, టైముతో రాసిపెట్టమన్నాను. హెడ్మాస్టరుకు చెప్పినా ఆయన అనుమతి కోసం ఆగనక్కర్లేదన్నాను. 1098కి ఫోన్ చేయొచ్చు. స్టేషన్లో ఫిర్యాదును రాసుకుని, దానికి నంబరు వేసి, చదివి వినిపించాలి, ఆ నంబరు అడిగి తీసుకోమన్నాను. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనో ఆమెకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి పోలీసులు తెలపాలి. తెలిపారా లేదా అని మర్నాడు నువ్వే కనుక్కో అన్నాను. అక్క కాగితం మీద రాసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. "నంబరు సంగతి ఇంకోసారి చెప్పు" అంది.